వెండి గ్లాసులో కీమో ఉండదు

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. ఈసారి పంపింది మా పెద్దమ్మ కొడుకు, కింద పది దండాలు పెట్టి మరీ. "తిరుపతి కొండ ఆకుతో వెండి నానో మందు! 24 గంటల్లో 90 శాతం కేన్సర్ కణాలు ఖతం. ఆకును వెండి గ్లాసులో రాత్రంతా నానబెట్టి పరగడుపున తాగండి. కీమో అక్కర్లేదు, సైడ్ ఎఫెక్ట్సు లేవు. కంపెనీలు దాచిన నిజం!"

దాచడమా? ఇలాంటి పరిశోధన పత్రాలు వేలల్లో ఉన్నాయి. చాలావాటిని ఫోన్లోనే ఊరికే చదువుకోవచ్చు.

కొండ ఆకే కానక్కర్లేదు. వేప, తులసి, టీ ఆకు, ఏదైనా సరే. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇదే. సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం ద్రావణంలో ఆకు కషాయం పోస్తే, ఆకులోని పాలీఫినాల్స్ లాంటి పదార్థాలు నీళ్లలో కరిగిన వెండిని కంటికి కనిపించనంత చిన్న లోహపు రేణువులుగా, అంటే నానో రేణువులుగా మారుస్తాయి. లేత పసుపు నీళ్లు కాస్తా టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. చూడ్డానికి భలే ఉంటుంది. నా వేలి మీద పడిన సిల్వర్ నైట్రేట్ చుక్క మాత్రం నల్లమచ్చై రోజుల తరబడి వదల్లేదు. మీ వెండి గ్లాసులో ఆ సిల్వర్ నైట్రేట్ ఉండదు. తెల్లారేసరికి మిగిలేది నానిన ఆకు.

ఆ 90 శాతం లెక్క అబద్ధం కాకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ చచ్చింది ల్యాబులో ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో పెంచిన కణాలు. రొమ్ము కేన్సర్ పరీక్షలకు తరచూ వాడే ఎంసీఎఫ్-7 కణాలు 1970లో అమెరికాలో ఒక రోగి నుంచి తీసినవి. ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటి మీద ఆవకాయ ఊట పోసినా చస్తాయి. అదే మనిషి రక్తంలోకి ఎక్కిస్తే నానో రేణువుల్లో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహమే పట్టేసుకుంటాయి.

సైడ్ ఎఫెక్ట్సు లేవట! వెండి ద్రావణాలు ఏళ్ల తరబడి తాగితే చర్మం నీలి బూడిద రంగుకు తిరగొచ్చు. ఆర్జీరియా అంటారు. ఆ రంగు ఇక పోదు.

ఇక "కీమో అక్కర్లేదు". మా వీధిలో ఒక అత్తకు రొమ్ము కేన్సర్. ఆరు కీమోల్లో మూడు అయ్యాయి. జుట్టు పోయింది, నోరంతా పుండ్లు, మజ్జిగన్నం కూడా మంట. మొన్న ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఏం నాయనా, మీ కాలేజీలోనే కనిపెట్టినారంట కదా. మిగిలిన మూడూ మానుకుంటే కాదా?" వద్దని ఒప్పించేసరికి గంటన్నర పట్టింది. మందు మధ్యలో ఆపితే మిగిలిన కణాలు ఊరుకుంటాయా? "మంచిదే కదా అని పంపినా" అనే మహానుభావులారా, ఆ గంటన్నర మీరొచ్చి కూర్చోవాల్సింది.

చెట్టులో మందు లేదని నేననను. విన్‌క్రిస్టిన్ అనే కేన్సర్ మందు మన పెరటి బిళ్లగన్నేరులోదే. పాక్లిటాక్సెల్ అనే ఇంకో కేన్సర్ మందు యూ అనే చెట్టు బెరడులోది. ఆ బెరడు 1962లో సేకరించారు, అమెరికాలో మందుగా అనుమతి 1992లో వచ్చింది. దాన్నే నానో రేణువులుగా చేసిన మందుకు 2005లో అనుమతి దొరికింది. అంటే చెట్టు నుంచి వచ్చిన నానో మందు నిజంగానే ఉంది. దాన్ని సెలైన్‌లా నరానికి ఎక్కిస్తారు. కీమో అంటారు.

ఇంకొకటి. "మీ కాలేజీలోనే" అన్న మాట అత్తకు ఊరికే రాలేదు. ప్రాజెక్టు రోజుల్లో "ఏం చదువుతాండావు నాయనా" అని అడిగితే, "కేన్సర్‌కు మందు కనిపెడుతున్నా అత్తా" అన్నది నేనే. అప్పటికి కేన్సర్ కణం ముఖం కూడా చూడలేదు.

మంగళవారం నాలుగో కీమో. ఆటోలో పక్కన కూర్చునేది కూడా నేనే.