సౌండ్ పార్టీ గారికో చలి ఉత్తరం

మహారాజరాజశ్రీ మిల్ఫర్డ్ సౌండ్ గారికి,
న్యూజిలాండ్ దక్షిణ దీవి.

నమస్కరించి రాయునది. డబ్బున్నవాణ్ణి మావాళ్ళు సౌండ్ పార్టీ అంటారు. మీ దర్జా చూసి అదేననుకున్నాను. తీరా చూస్తే ఆ పేరే మీది కాదట! నది కోసిన లోయలోకి సముద్రం వస్తే సౌండ్, మంచునది చెక్కిన లోయలోకి వస్తే ఫియోర్డ్. మీరు రెండో రకం. తప్పుడు పేరుతో ఇన్నేళ్ళు దర్జాగా నెట్టుకొచ్చారు. మాకు ఆధార్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే ఎన్ని ఆఫీసులు తిరగాలో మీకేం తెలుసు!

రోహిణి కార్తెకి గుంటూరులో రోళ్ళు పగులుతున్నాయని అమ్మానాన్నల్ని మా దగ్గరికి తెచ్చుకున్నాను. జూన్‌లో మీ దగ్గర చలికాలం. వాన తక్కువ, జనం తక్కువ, కుట్టే నల్ల ఈగలూ తక్కువ అన్నారు. మీ అందం చూసి మనుషులు తిష్ట వేస్తారని హినె-నుయి-టె-పో అనే మృత్యుదేవత ఆ ఈగల్ని వదిలిందని మీ మూలవాసులైన మావోరీల కథ. చుట్టాల విషయంలో ఈ ఉపాయం మా ఇళ్ళలో ఎవరికీ తట్టలేదు.

టె అనావు అనే ఊరి నుంచి మీ గుమ్మానికి దాదాపు 120 కిలోమీటర్లు. మొదటిరోజు మంచుచరియల భయంతో రోడ్డు మూసేశారు. రెండోరోజు మంచులో జారకుండా టైర్లకు చుట్టే గొలుసులు అద్దెకు తెచ్చి డిక్కీలో పడేశాను. వేయడం రాదు, అది వేరే సంగతి.

హోమర్ సొరంగం దగ్గర ఆగాం. 1935లో ఐదుగురు పలుగూ పారా పట్టి మొదలుపెడితే 1954కి గానీ కార్లు దూరలేదట. దాని ముందు మీ కాపలాదారు, కియా. కియా అంటే మాకు పెనుకొండ దగ్గర తయారయ్యే కారు. మీ దగ్గర కారునే తినే చిలక! బానెట్ మీద వాలి, మెడ ఓరగా వంచి నన్నొకసారి చూసి, వంకర ముక్కుతో వైపర్ రబ్బరు అంచు పట్టి, అమ్మ చిక్కుడుకాయ నార తీసినట్టు నిదానంగా లాగింది. ఎగిరిపోతుంటే రెక్క కింద ఎర్రటి నారింజ రంగు మెరిసింది. తిట్టబోయిన నోరు మూతపడింది.

ఇక మీరు. ఏడాదికి ఆరు మీటర్ల పైచిలుకు వాన, అంటే మా ఊళ్ళో ఇంచుమించు ఏడేళ్ళ సరుకు. వాన పడితే మీ కొండలన్నీ జలపాతాలేనట. మేమొచ్చిన రోజు ఒక్క మబ్బు లేదు. ఎప్పుడూ ఉండే లేడీ బోవెన్, స్టిర్లింగ్ తప్ప మిగతావన్నీ సెలవులో ఉన్నాయి. వాన వద్దని చలికాలం ఎంచుకుని, పడవెక్కి వాన రాలేదని ఏడ్చిన కుటుంబం మాదొక్కటేనేమో. పోనీ ఎండైనా ఉందా? మీ కొండలు అడ్డు. మిట్టమధ్యాహ్నం సగం పడవ నీడలోనే.

స్టిర్లింగ్ కిందికి పడవ ముక్కు పెట్టారు. నాన్న మంకీ క్యాప్ పిండితే చెంబుడు నీళ్ళు. వణుకుతూ ఆయనన్న మాట యథాతథంగా: "పాపికొండల్లో అయితే ఈపాటికి అన్నం పెట్టేసేవాళ్ళురా."

ఇట్లు,
గొలుసులు విప్పకుండానే తిరిగిచ్చినవాడు

తా.క. తిరుగు దారిలో చినుకులు మొదలయ్యాయి. వైపర్ వేశాను. రబ్బరు లేదు.