లోకల్ కంటెంట్ శాతం గారికి, బాలానగర్ నుంచి ఒక ఉత్తరం

అయ్యా శాతం గారూ,

నమస్కారం. రెండు లేత్ మిషన్లు, ముగ్గురు పనివాళ్లతో క్లాంపులు చేసి అమ్ముకునేవాణ్ణి. సరుకులో స్వదేశీ వాటా ఎంతో కొలిచి, సర్కారు కొనుగోళ్లలో మన సరుకుకే ముందు చోటంటూ 2017 జూన్‌లో తమరు పుట్టినప్పుడు షెడ్డులో మిఠాయి పంచాను.

హైదరాబాద్ మెట్రో సంగతిలో తమరిని తప్పు పట్టను. తమరు పుట్టకముందే, 2014లోనే మొదటి రైలు కొరియాలో ఓడెక్కి, చెన్నై రేవులో దిగి, ఉప్పల్ డిపోకి కాపురానికి వచ్చేసింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో తెరిచినప్పుడు అందులో 11 శాతం వాటా మలేసియా కంపెనీది. ఇప్పుడూ రోడ్లు, రైలు మార్గాల నిర్మాణంలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడి ఆటోమేటిక్ రూట్‌లో, అంటే సర్కారు ముందు అనుమతి లేకుండానే, రావచ్చు (సరిహద్దు దేశాల డబ్బుకైతే 2020లో ముందు అనుమతి పెట్టారు). డబ్బు దర్జాగా లోపలికి పోతుంది. బోల్టునే గుమ్మంలో ఆపి ఊరూ పేరూ అడుగుతారు.

అడగండి, తప్పులేదు. నా బాధల్లా తమరి లెక్కతోనే. అమ్మే ధరలోంచి దిగుమతి సరుకు విలువ తీసేస్తే మిగిలిందంతా స్వదేశీ అట. 50 శాతం ఉంటే క్లాస్-1 సప్లయర్, అంటే ముందు చోటు; 20 ఉంటే క్లాస్-2.

2024లో ఈ రూలు బిగించకముందు ఒకరోజు తెలిసినాయన షెడ్డుకు వెళ్లాను. చెక్కపెట్టె పగలగొట్టారు. థర్మోకోల్ మధ్యలోంచి ప్యానెల్ బయటికొచ్చింది. కుర్రాడు బ్లేడుతో పాత స్టిక్కర్ గీకి, నాలుగు స్క్రూలు బిగించి, కొత్తది అంటించాడు.

"దిగుమతికే అరవై వేలు పడ్డది అన్నా. లక్షకు అమ్మితే నలభై శాతమే వస్తుంది," అన్నాడు షెడ్డు యజమాని.

"మరెట్ల?"

"లక్షా ఇరవైకి కోట్ చేసిన."

అంతే, యాభై! ఐదో స్క్రూ కూడా బిగించలేదు. ఆయన లాభానికే పౌరసత్వం వచ్చేసింది. పైగా టెండరు పది కోట్ల లోపైతే సొంత డిక్లరేషన్ చాలు, ఆడిటర్ సంతకం కూడా అక్కర్లేదు. అబద్ధమని తేలితే రెండేళ్ల దాకా నిషేధమట. ఆ బ్లేడు కుర్రాణ్ణి ఎవరు అడుగుతారు?

నా క్లాంపుకు ఇనుము ఇక్కడిది, చెమట ఇక్కడిది. కానీ టెండర్ వేయబోతే నన్ను శాతం అడగలేదు, మూడేళ్ల టర్నోవర్ అడిగారు. వెనక్కొచ్చేశాను.

ఆ ప్యానెల్ వెనక పట్టి ఉంచేవి నా క్లాంపులే. జత నలభై చెప్పాను, ముప్పై ఐదుకు బేరం తెగింది. ఆయన యాభై శాతంలో నా వాటా ఎంతో తమరే లెక్కేసి చెప్పండి. పేమెంట్ ఇంకా రాలేదు.

ఇట్లు,
తమరి నూరు శాతం విధేయుడు