సీరియలమ్మా, ఈసారి మొహం మార్చే ముందు ఒక ఫోన్ కొట్టు

హిందీ డైలీ సీరియల్ గారికి,

ఈ గారూ గీరూ ఇక్కడితో ఆపేస్తా. పాతికేళ్లుగా రాత్రి పదిన్నరకి మా ఇంటికొచ్చి మా అమ్మని ఏడిపించి పోతున్నావు, నీతో నాకు మర్యాదలేంటి. సీరియలమ్మా అని పిలుస్తా, ఊ కొట్టు చాలు.

మొన్నొక హిందీ కామెడీ సినిమా చూశా, పేరెందుకులే, టీవీ స్టార్ మీద పిచ్చి పట్టిన ఒక ఫ్యాన్ కథ. సినిమా మొత్తం ఆ ఫ్యాన్‌ని చూసి నవ్వుకోడమే. నేనూ ఇంటర్వెల్ దాకా బాగానే నవ్వా. తర్వాత ఎక్కడో బీరువా కనపడింది తెరమీద, మా అమ్మ గుర్తొచ్చింది, నవ్వు ఆగిపోయింది.

మా ఇంట్లో గాడ్రెజ్ బీరువా తలుపు లోపలివైపు, అద్దం పక్కన, పేపర్లోంచి కత్తిరించిన నీ హీరో మిహిర్ ఫోటో ఉండేది. వేంకటేశ్వరస్వామి స్టిక్కర్ కింద, గ్యాస్ బుక్కు పెట్టే అరకి పైన. అంచులు పసుపుపచ్చగా అయిపోయినా తియ్యలేదు. పట్టుచీర తీసిన ప్రతిసారీ అమ్మ దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కేది, ఊడిపోకుండా.

2000 జూలై 3న నువ్వు 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ' అని వచ్చావు. అదే రోజు అదే ఛానెల్లో అమితాబ్ కోటి రూపాయలు పట్టుకుని కూర్చున్నాడు. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో మా నాన్న కోటి కోసం కూర్చునేవాడు, అమ్మ ఆ కోటి ఎప్పుడైపోతుందా, మిహిర్ పెళ్లాం తులసి ఎప్పుడొస్తుందా అని కూర్చునేది. అమ్మకి హిందీ కూరగాయల బండి వరకే వచ్చు, మిగతాది పక్క క్వార్టర్ బీహారీ ఆంటీ వచ్చి చెప్పేది. నిజానికి చెప్పక్కర్లేదు, నువ్వు ఒక్క డైలాగుకి ఇంట్లో ఉన్న పదిహేను మంది మొహాలూ ఒక్కొక్కటి మూడేసి సార్లు చూపించి ఉరుములు వేస్తావు కదా, ఆ ఉరుములకి భాషేంటి.

కొన్నాళ్లకి మిహిర్‌ని చంపేశావు. ఆ రాత్రి మా ఇంట్లో గిన్నెలు కడగలేదు. పొద్దున్నే మా నాయనమ్మ తలకి పోసుకుని వచ్చింది. "టీవీలో పోయినోడికి మైలేంటమ్మా" అన్నాడు నాన్న. "రోజూ ఇంటికొచ్చే పిల్లాడు గదరా" అంది.

ఇదేదో మా ఇంటి పిచ్చి అనుకున్నా చాలా ఏళ్లు. తర్వాత ఆ మిహిర్ వేసిన అమర్ ఉపాధ్యాయ్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు, ఆ ఎపిసోడ్ చూస్తూ వాళ్లమ్మే ఏడ్చిందట, పక్కన కూర్చుని నేను బతికే ఉన్నానమ్మా అని ఈయన చెప్పుకోవాల్సొచ్చిందట. కన్నతల్లి పరిస్థితే అదైతే లాలాగూడలో మా అమ్మ ఎంత!

జనం గోల తట్టుకోలేక మళ్లీ బతికించావు, కాకపోతే ఊరికే బతికిస్తే నువ్వు సీరియల్ ఎందుకవుతావు, గతం మర్చిపోయేలా చేసి పక్కన మందిరా బేడీని డాక్టర్ మందిరగా నిలబెట్టావు. దీని దెబ్బ ఎక్కడ తగిలిందో నీకు తెలీదు. 2003 వరల్డ్ కప్ వచ్చింది, నాన్న మ్యాచ్ పెట్టాడు, తెర మీద మందిరా బేడీ నవ్వుతూ క్రికెట్ గురించి చెప్తోంది. అమ్మ రిమోట్ లాక్కుని, "తులసి కాపురం కూల్చింది చాల్లేదా, ఇప్పుడు మనాళ్ల ఆట కూడానా" అని టీవీ కట్టేసింది. నాన్న మ్యాచ్ చూడ్డానికి బీహారీ ఆంటీ వాళ్లింటికి పోయాడు.

అసలు గొడవ ఇదీ కాదు. మొహాలు మార్చావు చూడు, అదీ. అమర్ పోయి ఇందర్ కుమార్ వచ్చాడు, ఇంకా అలవాటు కాకముందే రోనిత్ రాయ్ వచ్చాడు. మిహిర్ వాళ్ల విరానీ ఇంట్లో ఒక్కళ్లంటే ఒక్కళ్లు "ఎవడ్రా నువ్వు" అని అడగలేదు. 2007లో తులసినే మార్చేసి గౌతమీ కపూర్‌ని పెట్టావు, మళ్లీ ఏడాదికి స్మృతీ ఇరానీని తెచ్చావు. మా అమ్మ ఆర్నెల్లు రోనిత్‌ని "కొత్తాయన" అంది, బీరువాలో ఫోటో మాత్రం మార్చలేదు. పిచ్చి ఎవరిదో చెప్పు. ఆవిడ ఒకే మనిషిని పట్టుకుని ఉంది, నువ్వేమో మొహం మార్చి అదే పేరు పెట్టి అమ్మావు, అయినా సినిమాలు తీసి నవ్వేది మాత్రం ఆవిణ్ణి చూసి.

నిన్నొక్కదాన్నే అని లాభం లేదులే, ఇది మీ పెద్దమ్మ దూరదర్శన్ నాటి వంశపారంపర్యం. 1987లో రామాయణం వచ్చినప్పుడు టీవీకి దండలేసి అగరొత్తులు వెలిగించిన దేశం ఇది. రాముడు వేసిన అరుణ్ గోవిల్ సిగరెట్ తాగుతుంటే ఎవరో వచ్చి తిట్టారట, ఆ దెబ్బకి మానేశానని ఆయనే చెప్పాడు. సీత వేసిన దీపికా చిఖలియా 1991లో బరోడా ఎంపీ, రావణుడు వేసిన అరవింద్ త్రివేది అదే ఎన్నికల్లో సాబర్‌కాంఠా ఎంపీ, ఇద్దరిదీ ఒకటే పార్టీ. ఇన్ని యుగాల్లో వాల్మీకికి కూడా తట్టని రాజీ ఓటర్లు ఒక్క రోజులో కుదిర్చారు. రాముడుగారే లేటు, 2024లో మీరట్ నుంచి గెలిచాడు, అదీ పదివేల చిల్లర మెజారిటీతో.

మా వైపూ తక్కువేం లేదు. 'బాలికా వధు'ని తెలుగులో 'చిన్నారి పెళ్లికూతురు'గా డబ్ చేస్తే ఊళ్లకి ఊళ్లు చూశాయి, ఆ పిల్ల అవికా గోర్ 2013లో 'ఉయ్యాలా జంపాలా'లో హీరోయిన్‌గా వస్తే మా పిన్ని హాల్లోనే, "అయ్యో దీనికి చిన్నప్పుడే పెళ్లైపోయింది కదే, మళ్లీ ఇదేంటి" అంది. జోక్ కాదు, నిజంగా కంగారుపడింది.

సరే, అసలు విషయం. 2025 జూలైలో నువ్వు మళ్లీ వచ్చావు, అదే పేరు, అదే పదిన్నర. అమేథీ ఎన్నికల్లో ఓడిన తులసి, అదే స్మృతీ ఇరానీ, ఏడాది తిరిగేసరికి శాంతినికేతన్ అత్తారింటికి చేరింది. అమ్మకి ఇప్పుడు డెబ్బై దాటాయి, కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది, నాన్న లేడు. ఫోన్లో పెట్టి చేతికిచ్చా. తులసి తలుపు తీసింది, వెనకాల అమర్ ఉపాధ్యాయ్, నెరిసిన జుట్టు. అమ్మ ఫోన్‌ని మొహం దాకా తెచ్చుకుని చూసి, "వచ్చాడే! నేను చెప్పలా, ఆ కొత్తాయన ఎన్నాళ్లుంటాడని" అంది.

కాబట్టి సీరియలమ్మా, మిహిర్‌ని ఈసారి లోయలో తోసినా, గతం మర్పించినా, ఇంకో మొహం పెట్టినా నీ ఇష్టం, టీఆర్పీలు నీకూ కావాలి కాదనను. కాకపోతే ముందురోజు సాయంత్రం ఏడు లోపు ఒక ఫోన్ కొట్టు. అమ్మ బీపీ మాత్ర పదకొండింటికి వేసుకుంటుంది, ఆ రోజు మాత్రం పదికే వేయిస్తా. గిన్నెలు కూడా ముందే కడిగేస్తా.

ఇట్లు,
గతం ఇంకా మర్చిపోని ఒక కొడుకు