ష్యూరిటీ పెట్టిన సీలింగ్ ఫ్యాను

చిట్‌ఫండ్ కంపెనీలో డబ్బు కన్నా కాగితానికే మర్యాద ఎక్కువ. పాట పాడి చీటీ ఎత్తుకున్న మనిషి డబ్బు సంచీలో వేసుకుని గుమ్మం దాటిపోతాడు. మిగతా వాయిదాలు కడతాడన్న నమ్మకం మాత్రం మా దగ్గర కాగితాల కట్టగా మిగులుతుంది. ష్యూరిటీల ఫొటోలు, శాలరీ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు, పొలం ఉన్నవాళ్ళయితే పట్టాదారు పాసు పుస్తకం. వీటన్నిట్లో ప్రభుత్వ టీచరు శాలరీ సర్టిఫికెట్ స్థాయి వేరు. అది పట్టుకొచ్చిన మనిషికి మా మేనేజరు గారు లేచి నిలబడి మరీ కాఫీ చెబుతారు.

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు. వెనక గదిలో రికార్డులు, వాటి మధ్యలో బాబాయి. ఆయన్ని ఎండీ గారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరం బాబాయనే పిలుస్తాం. ఆయన దగ్గర అట్ట ఊడిన రిజిస్టరు ఒకటుంది. చీటీ గ్రూపు, సభ్యుడి నంబరు చెబితే వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్ళి, లోపలికి నడిచి, కాగితాలు తెచ్చి టేబుల్ మీద పడేస్తాడు. ఆలస్యమంటూ అయితే అది కళ్ళజోడు వెతుక్కునే దగ్గరే.

ఎండీ గారికి ఆ గది మీద కన్ను పడింది. అక్కడ ఏసీ పెట్టించి క్యాబిన్ కట్టుకోవాలని. సరిగ్గా అప్పుడే బీటెక్ పూర్తిచేసిన మేనల్లుడు ఖాళీగా దొరికాడు.

"కాగితాలన్నీ స్కాన్ చేసి డేటాబేస్‌లో పెట్టేద్దాం మామయ్యా. పేరు కొడితే ఫైలు బయటికొచ్చేస్తుంది."

కుర్రాడు చెప్పింది గాలి మాటేం కాదు. పేర్లూ అంకెలూ దాచుకునే టేబుల్లోనే ఫొటోలూ పీడీఎఫ్‌లూ పెట్టుకోవచ్చు. దానికోసం బ్లాబ్ అనే కాలమ్ ఉంటుంది. సభ్యుడి వివరాలూ అతని కాగితాలూ ఒక్కచోటే ఉంటాయి. ఎక్కితే రెండూ ఎక్కుతాయి, లేదంటే రెండూ ఎక్కవు. బ్యాకప్ కూడా ఒకటే. ఇదంతా అతను తెల్లబోర్డు మీద బాణాలు గీసి చెబుతుంటే ఎండీ గారు ఏసీ కంపెనీల బ్రోచర్లు తిరగేస్తున్నారు.

పరీక్ష కూడా చేసి చూపించాడు. తన ఫొటోనే లోపలికి పంపి, మళ్ళీ బయటికి తీశాడు. తల నుంచి చొక్కా గుండీల దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఫొటో ఎలాంటిదో అప్పుడు ఎవరూ అడగలేదు. పోటీ పరీక్షలకు దరఖాస్తులు పెట్టుకునే మన పిల్లలందరి దగ్గరా ఉండే ఫొటోయే అది, 50 కేబీ లోపుకి నొక్కి నొక్కి తయారుచేసింది.

మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టారు. ఎండాకాలమంతా ఇద్దరమ్మాయిలు స్కానర్ ముందు కూర్చుని కట్టలు విప్పారు. ఒక్కో కాగితం ఎక్కించినప్పుడల్లా తెరమీద పచ్చరంగులో 'సక్సెస్' అని వచ్చేది. ఆ పచ్చదనం చూసి ఎండీ గారు ఏసీ కొనేశారు. విప్పిన కాగితాలు గోతాల్లోకెక్కాయి, పాత పేపర్ల కొట్టుకి వేసెయ్యమని బాబాయికి ఆర్డరు వెళ్ళింది. లోపలికి పంపిన కాగితాల్లో ఒక్కదాన్నయినా బయటికి తీసి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. పెట్టింది ఉంటుందిలే అని మనకో గట్టి నమ్మకం. బ్యాంకు లాకర్లు సగం దాని మీదే నడుస్తున్నాయి.

ఇలా ఉండగా ఆటో స్పేర్‌పార్ట్స్ షాపాయన చీటీ ఎత్తుకుని వాయిదాలు ఎగ్గొట్టాడు. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ఇలాంటి తగాదాలు చిట్స్ రిజిస్ట్రార్ ముందుకు వెళతాయి. "ష్యూరిటీల కాగితాలు రేపు పొద్దున్నకి నా టేబుల్ మీదుండాలి" అని లాయరు గారు ఫోన్ చేశారు. మేనేజరు గారు ధీమాగా "రేపటి దాకా ఎందుకండీ, లైన్లో ఉండండి" అన్నారు. అదే కొంప ముంచింది.

పేరు కొట్టారు. ఫైలు వచ్చింది. దాని పేరు 'డౌన్‌లోడ్'. వెనక .jpg, .docx లాంటి తోక లేదు. కుర్రాడు ఫైల్లో సరుకంతా దాచాడు గానీ దాని పేరేమిటో, అది ఫొటోనో వర్డ్ ఫైలో రాసుకునే కాలమ్‌లు పెట్టలేదు. దేంతో తెరవమంటారని కంప్యూటరు అడిగింది. మేనేజరు గారికి తెలిసింది నోట్‌ప్యాడ్. దాంతో తెరిస్తే తెరనిండా చుక్కలు, గీతలు, తలకిందులు ప్రశ్నార్థకాలు. అంత గందరగోళంలోనూ మొట్టమొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: పీ, కే.

మా క్యాషియర్ వీరాభిమాని. కౌంటర్ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అన్న పేరు ఇక్కడెందుకుంది?"

ఆ పీకే వేరని కుర్రాడు చెప్పాడు. ఇప్పటి వర్డ్ ఫైలు లోపల నిజానికి ఒక జిప్ ఫైలు. జిప్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ తన పేరులోని పొడి అక్షరాలనే ప్రతి ఫైలు మొదట్లో గుర్తుగా పెట్టేశాడు. క్యాషియర్ కాసేపు ఆలోచించి "ఎవరైతేనేం" అని నోట్‌ప్యాడ్‌కి సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

లాయరు గారు ఇంకా లైన్లోనే ఉన్నారు.

కుర్రాడు ఒక్కోదానికీ తోక తగిలించడం మొదలుపెట్టాడు. వర్డ్ ఫైలు తోక తగిలించినా తెరుచుకోలేదు, పాడైపోయిందంది. ఎక్కడేముందో చెప్పే జాబితాని జిప్ ఫైలు తన చివర్లో పెట్టుకుంటుంది, ఆ చివర కాస్తా లేదు. ఫొటోలు నయం, తెరుచుకున్నాయి. పాసు పుస్తకం స్కాన్ తెరిస్తే పైన రాజముద్ర, దాని కింద 'పట్టాదా' అన్నంత వరకు, అక్కణ్ణుంచి అడుగు దాకా బూడిదరంగు. శాలరీ సర్టిఫికెట్లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. టీచరు గారూ లేరు, జీతమూ లేదు. ఇక మొదటి ష్యూరిటీ ఫొటో. కలెక్షన్ బాయ్ వాళ్ళింటికి వెళ్ళి, ఫోను అడ్డంగా పట్టుకుని తీసింది. తెల్లటి సీలింగు, దానికి వేలాడుతూ మూడు రెక్కల ఫ్యాను, కింద బూడిద. విచిత్రమేమిటంటే ఫైళ్ళ జాబితాలో చిన్న బొమ్మగా చూస్తే మనిషి నిండుగా నవ్వుతూ కూర్చున్నాడు. నొక్కితే ఫ్యానయిపోతున్నాడు. ఫోను తీసే ఫొటోలో మొదట్లోనే ఒక చిన్న నకలు కూడా ఉంటుందట, అదొక్కటీ బతికింది.

"ఇంతకీ ష్యూరిటీ ఎవరండీ?" లాయరు గారు విసుక్కున్నారు.

"ప్రస్తుతానికి ఫ్యాను సార్" అన్నారు మేనేజరు గారు.

రాత్రి దాకా కూర్చుని కుర్రాడు గుట్టు తేల్చాడు. మా ఆఫీసులో ఉన్నది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్. అందులో ఉత్త బ్లాబ్ అంటే 65,535 బైట్లే పడతాయి, పొడుగెంతో రాసుకోవడానికి దానికిచ్చిన చోటు రెండు బైట్లే కాబట్టి. అంటే 64 కేబీ. దాని పైన 16 ఎంబీ పట్టే మీడియంబ్లాబ్, 4 జీబీ పట్టే లాంగ్‌బ్లాబ్ ఉన్నాయి. కుర్రాడి ఫొటో పట్టింది, మా స్కాన్లు పట్టలేదు. పట్టకపోతే పట్టలేదని చెప్పొచ్చుగా అంటే, 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి ఆ మాట ముందే చెప్పి వెనక్కి పంపేస్తోంది. మాది అంతకన్నా పాతది. జాడీ నిండేదాకా ఆవకాయ కూరి, మిగిలింది పెరట్లో పారబోసి, అంతా పెట్టేశానని చెప్పే కోడలి రకం. పాపం, కత్తిరించినప్పుడల్లా ఒక హెచ్చరిక రాసి పక్కన పెట్టుకుంది కూడా. అడిగితే చూపిస్తుంది. అడిగిందెవరు? ప్రోగ్రాము పచ్చరంగు చూపించడంలో మునిగిపోయింది.

మర్నాడు కుర్రాడు కాలమ్‌ని మీడియంబ్లాబ్‌కి మార్చి ఎండీ గారికి చెప్పాడు.

"మంచిది. మరి మిగతా ముక్కలు వచ్చి అతుక్కున్నాయా?"

"రావు మామయ్యా. అవి లోపలికే వెళ్ళలేదు."

ఎండీ గారు కొత్త ఏసీ డబ్బా వైపు చూసి, బాబాయిని పిలిచారు. గోతాలేవని అడిగారు. మెట్ల కిందే ఉన్నాయి. ఇదేదో బాబాయి దూరదృష్టి అనుకుని మేనేజరు గారు చేతులు పట్టుకోబోయారు గానీ, అదేం కాదు. పాత కాగితం రేటు పడిపోయిందని, పెరిగాక అమ్ముదామని ఆగాడంతే. సాయంత్రానికల్లా సిసలైన టీచరు గారు, సిసలైన జీతంతో సహా, లాయరు గారి టేబుల్ మీదికి చేరారు.

స్కానింగు మళ్ళీ మొదలైంది. ఈసారి తీసి చూసుకుంటూనే ఎక్కించారు, అంతా నిండుగా వచ్చింది. బ్యాకప్ కూడా నిండుగానే వచ్చింది. రోజూ రాత్రి బ్యాకప్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టడం మేనేజరు గారి అలవాటు. ఓ రాత్రి పెన్‌డ్రైవ్ మొరాయించింది. అది ఫ్యాట్ 32 పద్ధతిది, 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటీ తీసుకోదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. మేనేజరు గారు దాన్నే ఖాళీగా తీసుకెళ్ళి గూట్లో పెట్టారు, ఆనవాయితీ తప్పకూడదని.

ఈ దెబ్బకి కుర్రాడు పుస్తకాల మీద పడ్డాడు. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం తరఫున ముగ్గురు, వాళ్ళలో కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు తీసుకున్న జిమ్ గ్రే ఒకరు, సరిగ్గా ఇదే సంగతి కొలిచి చూశారట. 256 కేబీ లోపు ఫైళ్ళు డేటాబేస్‌లో ఉంటే మేలు, 1 ఎంబీ దాటితే మామూలు ఫోల్డర్లలో ఉంటే మేలు.

"మరి మనవెంత?" అన్నారు ఎండీ గారు.

"ఒక్కోటీ 700 కేబీ వస్తోంది."

"అయితే ఏం చెయ్యమన్నారు?"

"మధ్యలో వాటికి పరిస్థితిని బట్టి అన్నారు మామయ్యా."

ఎండీ గారు చాలాసేపు మాట్లాడలేదు. అమెరికాలో అంత పెద్దవాళ్ళు కూర్చుని కొలిచినా మన కాగితం వచ్చేసరికి పరిస్థితిని బట్టే అయింది. చివరికి కుర్రాడే ఒక దారి చెప్పాడు. ఫైళ్ళు ఫోల్డర్లలో ఉంచి, ఏ ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో ఆ చిరునామా మాత్రం డేటాబేస్‌లో రాసుకుంటే సరి.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న బాబాయి, అట్ట ఊడిన రిజిస్టరు తెచ్చి టేబుల్ మీద పరిచాడు. గ్రూపు, సభ్యుడి నంబరు, ఎదురుగా బీరువా నంబరు, కట్ట నంబరు.

కుర్రాడు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఓ మాట చెప్పు నాన్నా" అన్నాడు బాబాయి. "ఆ ఫోల్డర్ పేరు ఎవడైనా మార్చేస్తేనో, ఇంకోచోటికి జరిపేస్తేనో?"

"అప్పుడు దొరకదు బాబాయ్. చిరునామా ఉంటుంది, ఫైలుండదు."

"ఊ. సున్నాలేసిన వాళ్ళు బీరువాలు జరిపినప్పటి కట్టలు రెండున్నాయి" అన్నాడు బాబాయి రిజిస్టరు మూస్తూ, "నేనూ ఇంకా వెతుకుతూనే ఉన్నా."