శ్రీ డెబ్బై రెండో వంతు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 1/72 గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి మీ పాత సేవకుడు నమస్కరించి వ్రాసుకొనే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమే అయి ఉంటారు. అసలు విమానాన్ని డెబ్బై రెండో వంతుకు కుదించి బొమ్మ చేసే కొలతగా, 1932లో ఇంగ్లండులో చెక్క విమానాల కిట్లతో (విడి ముక్కలను అతికించి చేసుకునే బొమ్మలతో) ప్రచారంలోకి వచ్చిన నాటి నుంచి మీకు వచ్చిన కష్టమేమీ లేదు, కష్టాలన్నీ మిమ్మల్ని నమ్ముకున్నవాళ్ళకే.

మీ ధర్మం సూటిగా ఉంటుందని ఒప్పుకుంటాను. ఆరడుగులు ఉన్నది అంగుళం కావాలి, అంతే. ఆ లెక్కన పైలట్ అంగుళం మనిషవుతాడు, 36 అడుగుల 10 అంగుళాల రెక్కలున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఆరంగుళాల చిల్లరకు ఒదుగుతుంది, 95 అడుగుల పైచిలుకు రెక్కలు చాచే డకోటా పదహారు అంగుళాలకు దిగివస్తుంది. 1935 డిసెంబరు 17న డీసీ-3 పేరుతో తొలిసారి గాలిలోకి లేచి, తరువాత సైన్యపు కొలువులో చేరి, 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మన సైనికులను దించిన ఆ విమానాన్ని నాలాంటివాడు రెండు చేతులతో ఎత్తి చూసుకోగలుగుతున్నాడంటే అది మీ చలవే. (మా గన్నవరం విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ 72 విమానం పేరులోని అంకె కూడా మీదేనని మా బావమరిది నమ్మకం. అది సీట్ల లెక్కని ఎన్నిసార్లు చెప్పినా వినడు.)

అయితే మీరు కుదించకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. ముందుగా నా బొటనవేలు. దాని వెడల్పు రెండు సెంటీమీటర్లు. మీ లెక్కన అది దాదాపు మీటరున్నర దుంగ. ఆ దుంగతో డకోటా ముక్కు కింద, గాలి వేగాన్ని కొలిచే వెంట్రుకవాసి గొట్టాన్ని అతికించమని మీ ఆజ్ఞ. పట్టకారు సందులోంచి జారిన ఆ గొట్టం డకోటా కంటే ముందే గాలిలోకి ఎగిరింది. అది ఎక్కడ దిగిందో మా పనిమనిషి చీపురుకే ఎరుక.

తరువాత రంగు. పూత మందం మిల్లీమీటరులో పదో వంతు ఉందనుకోండి, మీ న్యాయస్థానంలో అది డకోటా ఒంటికి ఏడు మిల్లీమీటర్ల మందాన సిమెంటు మెత్తిన నేరమవుతుంది. పోనీ కిట్లు తయారుచేసేవారైనా మిమ్మల్ని గౌరవిస్తున్నారా? అల్యూమినియం రేకుల అతుకులను చూపడానికి వారు ప్లాస్టిక్ మీద గీసే గాడి మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటే, అసలు విమానంలో అది పద్నాలుగు మిల్లీమీటర్ల సందు, హాయిగా వేలు పడుతుంది. అంత సందులున్న విమానం ఎక్కమంటే నేను నమస్కారం పెట్టి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు ఆటో మాట్లాడుకుంటాను. మేమేమో ఆ గాడులు ఇంకా బాగా కనిపించాలని వాటిలో నల్లరంగు నీళ్ళు పారిస్తాం.

మా ఊరి ఎండను కూడా మీరు పట్టించుకోలేదు. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో ఎయిర్‌బ్రష్ పట్టుకుంటే, యాక్రిలిక్ రంగు రెక్కను చేరేలోపే గాలిలో ఎండి పొడిగా రాలుతుంది. వానాకాలంలో లక్క వార్నిష్ కొడితే తేమకు పాలిపోయి తెల్లబడుతుంది. నలభై ఐదు డిగ్రీల ఎండను డెబ్బై రెండుతో భాగిస్తే ముప్పావు డిగ్రీ కూడా రాదు, ఆ మాత్రం దయ చూపితే మీ సొమ్మేం పోయింది? ధర సంగతి నేను ఎత్తను. కస్టమ్స్ సుంకంతో కలిపి అది నిండుగా ఒకటికి ఒకటి.

అడుగు దూరం నుంచి మోడల్‌ను చూడటమంటే డెబ్బై రెండు అడుగుల దూరంలోని విమానాన్ని చూడటమని, అంత దూరాన రంగులు వెలిసినట్లు కనబడతాయి కనుక ఆలివ్ పచ్చలో కాస్త తెలుపు కలపాలని మీ శాస్త్రం. రెండు రాత్రులు కూర్చుని ఆ పాళ్ళు కుదిర్చాను. తెల్లవారి మా ఆవిడ తడిగుడ్డ తెచ్చి, ‘దుమ్ము పట్టిందండీ’ అంది.

అసలు గొడవ సంక్రాంతి బొమ్మల కొలువులో వచ్చింది. మెట్ల మీద కొండపల్లి దశావతారాల సరసన ఒక్క డకోటాకు చోటు సంపాదించాను. నాలుగంగుళాల వామనమూర్తి మీ లెక్కన ఇరవై నాలుగు అడుగులు, డకోటా ఎత్తు పదిహేడు. అంటే మరుగుజ్జు అవతారం విమానం తోక మీదుగా అవతలికి చూస్తోంది. ఈ అపచారం మా ఆవిడతో మొరపెట్టుకుంటే, ‘పెరగడం ఆ స్వామికి అలవాటే కదండీ, మీ విమానాన్ని కూడా కాస్త పెరగమనండి’ అంది. కొండపల్లివారు మిమ్మల్ని ఏనాడూ లెక్కచేయలేదు. ఏనుగు ఎంత ఉండాలో, అంబారీలో రాజు ఎంత ఉండాలో చేతిలోని పొణికి కర్రను చూసి తేల్చుకుంటారు, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు, ఆ అతుకు కంటికి ఆనదు. విదేశీ పుట్టీ పూసి, మూడు రకాల గరుకు కాగితాలతో రుద్దినా, నా డకోటా రెక్క మొదట్లో సందు పక్కింటి పిన్నిగారికి సైతం కనబడింది.

ఆ కొలువు ఎత్తేసిన నాడే నేను ఇంట్లో మూడడుగుల చోటు యాచించాను. మీ లెక్కన అది 216 అడుగులు, రెండు డకోటాలు రెక్కలు తగలకుండా నిలబడే జాగా. మా ఆవిడ ధారపోసింది. మొదటి అడుగుకు షోకేసు నిండింది, రెండో అడుగుకు బీరువా మీది పెట్టెలు పైకప్పును తాకాయి. మూడో అడుగు ఎక్కడ మోపాలని అడిగితే ఆమె బలిచక్రవర్తిలా తల వంచలేదు, అటక వైపు వేలు చూపించింది. ఆ ఉక్కలో డెకాల్స్ (విమానం మీద అతికించే గుర్తుల బిళ్ళలు) పసుపెక్కిపోతాయని మీ తరఫున వాదించాను. ‘పసుపు శుభమే కదండీ’ అని జవాబు.

కనుక మీరు ఒక్కసారి దయచేసి, షోకేసుకు, దుమ్ముకు, నా వేళ్ళకు కూడా మీ చట్టం వర్తిస్తుందని ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ

తా.క.: ఈ ఉత్తరం ముగించేసరికి రంగు ఆరని ఎడమ రెక్క మీద ఒక దోమ వాలింది. మీ లెక్కన అది అడుగు పొడవున్న పక్షి. గన్నవరంలో అయితే పక్షులను తోలడానికి మనుషులుంటారు. ఇక్కడ కొడదామంటే రెక్క విరుగుతుంది, ఫ్యాను వేద్దామంటే దుమ్ము లేస్తుంది. ప్రస్తుతానికి దానికి ఎదురుగా కూర్చుని, అది బయలుదేరే సమయం కోసం ఎదురుచూస్తున్నాను.