'గ్యాస్ తగ్గింది సార్' గారికి

అయ్యా 'గ్యాస్ తగ్గింది సార్' గారూ,

నమస్కారం. ఉభయకుశలోపరి అని రాయడానికి మనసొప్పడం లేదు. మీకేం, కుశలమే. తిరుపతి మే నెల ఎండకు ఉడికింది మేమే.

కారు ఏసీ మొరాయిస్తే చాలు, బానెట్ ఎత్తకముందే మెకానిక్ నోట మీరు ప్రత్యక్షం. చల్లగా లేదా? మీరే. గాలి రావట్లేదా? అదీ మీరే. టైర్లో గాలి తగ్గినప్పుడు మాత్రం ఇంకా మీ పేరు చెప్పలేదు, అదొక్కటే దయ.

ఆ రోజు చిత్తూరులో పెళ్లి. చంద్రగిరి దాకా కారులో చలికాలమే. మా అత్తగారు పట్టుచీర కొంగు చెవులకు చుట్టుకున్నారు. ఇంకాసేపటికి గాలి సన్నబడింది. ఫ్యాన్ నాలుగో నంబరులో హోరెత్తిపోతోంది గానీ, చెయ్యి పెడితే ఉఫ్ అని ఊదినంత కూడా లేదు. పూతలపట్టు చేరేసరికి అత్తగారు శుభలేఖతో విసురుకుంటూ "అద్దాలు దించు నాయనా" అన్నారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చి ఓ షెడ్డుకు వెళ్తే మీరు సిద్ధంగా ఉన్నారు. 1,500 కట్టాను. షెడ్డు ముందు పది నిమిషాలు చూస్తే మంచి చల్లదనం. వారం తర్వాత మళ్లీ అదే కథ, మళ్లీ మీరే, మళ్లీ 1,500. ఒక్క మాట అడుగుతాను. ఏసీ గ్యాసేమన్నా పెట్రోలా, కాలిపోవడానికి? మూసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంది కదా. తగ్గిందంటే ఎక్కడో లీకుండాలి. అదెక్కడో మీరు చచ్చినా వెతకరు. దొరికితే నేను మళ్లీ రాను మరి.

చివరికి చిత్తూరులో ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏసీ వేయించి, టీ తాగి, బీడీ ముట్టించి, ముప్పావు గంట ఊరికే చెవి పెట్టి విన్నాడు. "టక్కుమనాల సామీ. కంప్రెసర్ ఆగడమే లేదే" అన్నాడు. కంప్రెసర్ అంటే గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే పంపు. డ్యాష్‌బోర్డు డబ్బా ఊడదీసి టార్చి వేశాడు. కూలింగ్ కాయిల్ రేకుల నిండా మంచు, పాత ఫ్రిజ్ ఫ్రీజర్ గోడలా. గాలి దూరే సందే లేదు.

అసలు సంగతి ఇది. కాయిల్లో గ్యాస్ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. గాలిలోని తేమ రేకుల మీద నీళ్లయి కారు కింద బొట్లుబొట్లుగా కారిపోతుంది. కాయిల్ 0 డిగ్రీల కిందికి దిగితే ఆ నీళ్లే గడ్డకడతాయి. దిగకుండా చూడటానికి రేకుల మధ్య బఠాణీ గింజంత సెన్సర్ ఉంటుంది. సున్నాకు కాస్త పైనుండగానే అది కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్‌ను వదిలిస్తుంది, నాలుగైదు డిగ్రీలకు రాగానే మళ్లీ పట్టిస్తుంది. ఆ టక్కు అదే. (కొన్ని కొత్త కార్లలో కంప్రెసర్ ఆగదు, పని తగ్గించుకుంటుందంతే.) నా సెన్సర్ పాడై, ఎంత చల్లబడ్డా "ఇంకా వేడిగానే ఉంది" అని అబద్ధమాడుతోంది. అంటే నా కారు జబ్బు చల్లదనం తక్కువై కాదు, ఎక్కువై! ఎక్కువైందనే మాట మీ నిఘంటువులో ఉందా?

మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకోను. గ్యాస్ నిజంగా తగ్గినా లోపల ప్రెషర్ పడిపోయి కాయిల్ ఓ మూల మంచు కట్టొచ్చు. ఏసీ గాలి ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా అంతే. గేజు పెట్టి, చూసి, అప్పుడు కదా నోట్లోంచి ఊడిపడాల్సింది? పెద్దాయన గేజు పెట్టి చూస్తే గ్యాస్ ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. మీరు రెండుసార్లు పోయించిన పుణ్యం. కొత్త సెన్సర్‌కు అయిన ఖర్చు మీకు చెప్పను, బాధపడతారు.

ఉంటాను. నిన్నటి నుంచి ఇంట్లో ఫ్రిజ్ చల్లబడటం లేదు. రిపేరు కుర్రాడికి ఫోన్ చేస్తే, ఏ కంపెనీ అని కూడా అడక్కముందే మీ పేరు చెప్పాడు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
తిరుపతి