ఎల్‌డీహెచ్ అంకె కన్నా ముందు ట్యూబును చూడండి

నోటి క్యాన్సర్ రోగి రక్త పరీక్ష రిపోర్టులో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరిగి కనిపిస్తే జబ్బు ముదిరిందేమోనన్న అనుమానం వెంటనే వస్తుంది. అది ఊరికే వచ్చే అనుమానం కాదు. కణితి కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజును లాక్టేట్‌గా మార్చుకుంటాయి. పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చే ఆ చివరి అంచె పని లాక్టేట్ డీహైడ్రోజినేస్‌ది, అంటే ఎల్‌డీహెచ్‌ది. కణాలు చచ్చి పగిలితే అది రక్తంలోకి, నోటి పుండు నుంచైతే నేరుగా ఉమ్మిలోకి చేరుతుంది. చిక్కల్లా, ఈ ఎంజైమ్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండటమే.

ఎర్ర రక్తకణాల్లో దండిగా ఉంటుంది. సన్నటి సూదితో గట్టిగా లాగినా, ట్యూబును బలంగా కుదిపినా అవి పగిలి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు పెరిగిన అంకె కణితిది కాదు, సూదిది. పోనీ భద్రంగా ఉంటుందని ఫ్రిజ్‌లో పెడితే ఇంకో తంటా: ఎల్‌డీహెచ్‌కున్న ఐదు రూపాల్లో (ఐసోఎంజైముల్లో) నాలుగోది, ఐదోది చలికి చెడిపోతాయి, అంకె దిగుతుంది. లాక్టేట్ నుంచి పైరువేట్ వైపు కొలిచే పద్ధతికీ, తిరుగు దిశలో కొలిచే పద్ధతికీ నార్మల్ పరిధులే వేరు. పద్ధతి చూడకుండా రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

ఉమ్మి పరీక్షకు సూది అక్కర్లేదు, నిజమే. కానీ చిగుళ్ల వాపులోనూ ఉమ్మిలో ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. చిగుళ్ల పరిస్థితి రాసుకోని అధ్యయనాన్ని నేనైతే పక్కన పెడతాను.

క్యాన్సర్‌లో చూసే మరో ఎంజైమ్ ఎంఎంపీ-9 కథ వేరు. కణితి లోపలికి చొచ్చుకుపోవడానికి అడ్డుగా ఉన్న పొరలోని నాలుగో రకం కొల్లాజెన్‌ను అది కోస్తుంది. కాబట్టి జబ్బు జాడ చెప్పే మార్కర్‌గా ఆశ పుట్టడం సహజం. అయితే రక్తం గడ్డకట్టేటప్పుడు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా దాన్ని వదులుతాయి. అందుకే సీరం కాదు, గడ్డకట్టనివ్వకుండా తీసిన ప్లాస్మా కావాలి. ఎంజైమ్ చురుకుదనాన్ని కొలిచేటట్టయితే రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబు కన్నా సిట్రేట్ వేసినది మేలు. ఆ ఎంజైముకు అవసరమైన కాల్షియం, జింక్‌లను ఈడీటీఏ పట్టేసుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా అసలు పరీక్ష మిగిలే ఉంటుంది. క్యాన్సర్ ఏ దశలో ఉందో తేల్చే ఏజేసీసీ (అమెరికా క్యాన్సర్ సంయుక్త కమిటీ) ఎనిమిదో ఎడిషన్ స్టేజింగ్ ఇప్పటికే కణితి ఎంత లోతుకు దిగిందో 5, 10 మిల్లీమీటర్ల గీతలతో చూస్తోంది. మెడలోని లింఫు గ్రంథి గోడ దాటి జబ్బు బయటికొచ్చిందా అన్నదీ లెక్కేస్తోంది. వీటికి మించి ఎంజైమ్ కొత్తగా ఏం చెబుతుందో చూపాలి. ఒకే రోగుల గుంపులో తమకు అనుకూలమైన కట్‌ఆఫ్ (ఇంత దాటితే ప్రమాదమనే హద్దు అంకె) వెతుక్కుని, అదే గుంపులో అది పనిచేసిందనడం చెల్లదు. వేరే ఆసుపత్రి రోగుల్లో అదే కట్‌ఆఫ్ నిలబడాలి.

ఒకే రోగిలో చికిత్సకు ముందూ తర్వాతా పోల్చడమే నాకు కాస్త నమ్మకం కలిగించే దారి. అదీ ఆపరేషన్ మర్నాడు కాదు. కోసిన కండరం నుంచి కూడా ఎల్‌డీహెచ్ వస్తుంది.